పట్టా మనది, కబ్జా వాళ్లది: ఫోన్ మీద పెత్తనం తిరిగి తెచ్చుకునే పద్ధతి

నల్లగొండలో క్లాక్ టవర్‌కు కాస్త అవతల నాకో చిన్న షాపుంది. జిరాక్స్, రీచార్జ్, డిస్‌ప్లేలు మార్చడం, ఆన్‌లైన్ అప్లికేషన్లు పెట్టడం. పగిలిన అద్దం కోసం వచ్చినవాళ్లు కూడా ఫోన్ బల్ల మీద పెడుతూ ఇంకో మాట కలుపుతారు. "అన్నా, నేనేం నొక్కకుండనే యాడ్లొస్తున్నయి." "తమ్మీ, నెలనెలా నూట నలభై తొమ్మిది కట్ అయితున్నది, ఎటు పోతున్నదో తెల్వదు." "బిడ్డా, నా నంబర్ మీద ఎవలో లోన్ దీస్కున్నరట, నాకు ఫోన్లు జేస్తున్నరు."

భూమి తగాదాలు చూస్తూ పెరిగిన జిల్లాలు మనవి. పాసుబుక్కు మన బీరువాలో ఉండి, పొలం దున్నేది మరొకడైతే దాన్నేమంటారో నల్లగొండలోనైనా పాలమూరులోనైనా పిల్లగానికి కూడా తెలుసు. ఫోన్ సంగతీ అంతే. పన్నెండు వేలు పోసి కొన్నది మనం. ఏ యాప్ ముందే వచ్చి కూర్చోవాలో, లాక్ స్క్రీన్ మీద ఎవరి బొమ్మ పడాలో, మనం ఎక్కడెక్కడ తిరిగామో ఎన్నాళ్లు దాచాలో చెప్పేది కంపెనీ. పూర్తిగా ఖాళీ చేయించడం మనవల్ల కాదు, ఆ ఆశ పెట్టుకోకండి. గెట్టు రాళ్లు మాత్రం పాతుకోవచ్చు.

ఇలాంటి వీడియోలు చేసేవాళ్లు యాడ్లతో మొదలుపెడతారు. నా వరస వేరు. పైసలు పోయే దారులు ముందు మూయాలి, గుట్టు పోయే దారులు తర్వాత, చిరాకు తెప్పించేవి ఆఖరున. ఒక ఆదివారం రెండు మూడు గంటలు పడుతుంది. చార్జర్, ఒక నోటుబుక్కు, పెన్ను దగ్గర పెట్టుకోండి. నోటుబుక్కు ఎందుకంటే, పాస్‌వర్డులు ఫోన్లోనే రాసుకుని ఆ ఫోన్ పోగొట్టుకున్నవాళ్లు వారానికి ఒకరైనా నా దగ్గరికొస్తారు. ఇంట్లో బీరువాలో ఉన్న కాగితాన్ని ఇంటర్నెట్ దొంగ ఎత్తుకుపోలేడు.

ఇంకో మాట. ఒక్కో కంపెనీ ఫోన్లో మెనూ పేర్లు ఒక్కో తీరుగా ఉంటాయి. సెట్టింగ్స్ పైన వెతికే గడి ఉంటుంది, నేను చెప్పిన పేరు అందులో టైప్ చేస్తే చాలు. ఇక్కడ చెప్పేదంతా ఆండ్రాయిడ్ గురించే. నా బల్ల మీదికి వచ్చేవి దాదాపు అవే.

మొదటి అడుగు: మీ పేర్న ఎన్ని సిమ్‌లున్నాయి?

ముంబై, పుణె పనులకు పోయే పాలమూరు కూలీలు రోడ్డు పక్కన గొడుగు కింద సిమ్ తీసుకుంటారు. "పడలేదు, మళ్లీ పెట్టు" అంటూ వాడు రెండుసార్లు వేలు పెట్టిస్తాడు. ఆ రెండో ముద్రకు ఇంకో సిమ్ లేచిందో ఏమో ఎవరికి తెలుసు? ఇది ఊరికే అనుమానం కాదు. 2018లో పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ డీలర్‌ను హైదరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రలను రబ్బరు మీదికి దించి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడన్నది కేసు.

కేంద్ర టెలికాం శాఖ 2023లో తెచ్చిన సంచార్ సాథీ సైటు తెరవండి. గూగుల్‌లో వెతికితే నకిలీలు కూడా రావచ్చు, అడ్రసు చివర డాట్ గౌ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోండి. అందులో "నో యువర్ మొబైల్ కనెక్షన్స్" దగ్గర మీ నంబరు కొట్టి ఓటీపీ ఇస్తే, మీ పేరు మీదున్న నంబర్లన్నీ వస్తాయి. మీది కానిదానికి "నాట్ మై నంబర్", మీదే అయినా వాడనిదానికి "నాట్ రిక్వైర్డ్" నొక్కండి. రిఫరెన్స్ నంబరు వస్తుంది, నోటుబుక్కులో రాసుకోండి. మన దగ్గర ఒక మనిషి పేర్న తొమ్మిది సిమ్‌ల దాకానే ఉండాలి. దాటితే 2023 టెలికాం చట్టం కింద జరిమానా కూడా ఉంది. అంటే ఎవడో తీసిన సిమ్‌లకు జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

అదే కూర్చున్న చోట డయలర్‌లో స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొట్టండి. పదిహేను అంకెల ఐఎంఈఐ నంబర్లు వస్తాయి, మీ ఫోన్‌ను గుర్తుపట్టేది వాటితోనే, రాసుకోండి. ఫోన్ పోతే ముందు పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు, ఆ కాపీతో ఇదే సంచార్ సాథీలో బ్లాక్ చేయించాలి. ఈ నంబర్లు లేక, కొన్నప్పటి బిల్లు కోసం ఇల్లంతా వెతికేవాళ్లు చాలామంది.

రెండో అడుగు: ఆధార్, వేలిముద్ర, నా షాపు కంప్యూటర్

ఇక్కడ ముందు నా తప్పు ఒప్పుకుంటాను. రెండేళ్ల కింద మా షాపు కంప్యూటర్ మందగించిందని డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి చూశాను. ఆధార్ కార్డులు, పాన్ కార్డులు, పట్టాదార్ పాసుబుక్కులు, ఆడపిల్లల సర్టిఫికెట్లు, ఒకాయన బ్యాంకు స్టేట్‌మెంటు. "అన్నా, వాట్సాప్‌ల పంపిన, ప్రింట్ ఇయ్యి" అని వచ్చినవాళ్లవి అన్నీ అట్లాగే పడి ఉన్నాయి. నేను చెడ్డవాణ్ని కాను గానీ, నా దగ్గర పనిచేసి మానేసిన పిల్లలు ముగ్గురున్నారు. వాళ్లలో ఎవరైనా పెన్‌డ్రైవ్‌లో వేసుకుపోయి ఉంటే నాకు తెలిసేది కాదు. పెద్ద కంపెనీలను తిట్టే ముందు నా ఫోల్డర్ ఖాళీ చేశాను. ఇప్పుడు ప్రింట్ అయిన వెంటనే కస్టమర్ ముందే డిలీట్ చేస్తాను. మీరూ జిరాక్స్ షాపులో నిలబడి అడగండి: "డిలీట్ చెయ్ అన్నా, రీసైకిల్ బిన్‌ల కెల్లి కూడా." సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఆధార్ ఇవ్వాల్సి వస్తే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. మైఆధార్ సైట్లో డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఆ గడికి టిక్ పెడితే చివరి నాలుగు అంకెలే కనపడతాయి. లాడ్జికి, కిరాయి ఇంటికి, కొరియర్‌కు అది చాలు. మామూలు జిరాక్స్ ఇవ్వక తప్పకపోతే, ఎవరికి, ఎందుకు, ఏ తేదీన ఇస్తున్నారో కాపీ మీద అడ్డంగా పెన్నుతో రాయండి. ఇంకోచోట వాడాలనుకున్నవాడికి అడ్డం పడుతుంది.

ఇక బయోమెట్రిక్ లాక్. వేలిముద్రతో బ్యాంకు ఖాతా నుంచి డబ్బు తీసే పద్ధతి ఊళ్లల్లో ముసలివాళ్లకు ఎంత సాయమో, ముద్ర కాపీ కొట్టగలిగిన దొంగకూ అంతే సాయం. దానికి ఓటీపీ అక్కర్లేదు, పిన్ను అక్కర్లేదు. ఆధార్ సైట్లో గానీ యాప్‌లో గానీ "లాక్ బయోమెట్రిక్స్" నొక్కితే మీ వేలిముద్ర, కనుపాప ఎక్కడా పనిచేయవు. అందరినీ చేసుకోమని మాత్రం చెప్పను. రేషన్ షాపులో వేలు పెట్టాలన్నా, కొత్త సిమ్ కావాలన్నా ముందు తాత్కాలికంగా అన్‌లాక్ చేసుకోవాలి. ఫోన్ వాడటం రాని మా పెద్దమ్మకు నేనే లాక్ పెట్టి, నెలకు ఆమె రేషన్ షాపు ముందు నిలబడి నాకు ఫోన్ చేసి తిట్టేదాకా తెచ్చుకున్నాను. చదువుకున్న పిల్లలు ఇంట్లో ఉంటే పెట్టుకోండి. లేదంటే అదే సైట్లో "అథెంటికేషన్ హిస్టరీ" చూడటం అలవాటు చేసుకోండి. గత ఆరు నెలల్లో మీ ఆధార్ ఎక్కడెక్కడ వాడారో తేదీలతో ఉంటుంది. తెలియనిది కనిపిస్తే ఆధార్ హెల్ప్‌లైన్ 1947కు ఫోన్ చేయండి.

మూడో అడుగు: ఆటోపే

నెలనెలా పోయే ఆ నూట నలభై తొమ్మిది సంగతి. ఒక అక్క సీరియల్ చూద్దామని ఒక యాప్‌లో "ఒక్క రూపాయికే ట్రయల్" నొక్కింది. రూపాయి కట్టేందుకు యూపీఐ పిన్ కొట్టింది. ఆ పిన్ను రూపాయికి కాదు, నెలనెలా తీసుకొమ్మని ఇచ్చిన ఒప్పందానికి. ఆ సంగతి అక్షరాలు కుదించి అడుగున రాశారు. తర్వాత యాప్ తీసేసింది. డబ్బు పోవడం ఆగలేదు.

యాప్ తీసేస్తే చందా ఆగదు. ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే ఈ వ్యాసం చదివిన కష్టం తీరినట్టే.

మీ యూపీఐ యాప్‌లో ప్రొఫైల్ నొక్కి "ఆటోపే" వెతకండి. నడుస్తున్న ఒప్పందాలన్నీ అక్కడుంటాయి. అక్కర్లేనిది రద్దు చేయండి. ఒకటికి మించి యూపీఐ యాప్‌లుంటే అన్నింట్లో చూడండి. తర్వాత ప్లే స్టోర్‌లో మీ బొమ్మ మీద నొక్కి "పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్" కూడా చూడండి. ఇలా డబ్బు తీసే 24 గంటల ముందు మెసేజ్ పంపాలన్నది ఆర్బీఐ నియమం. ఆ మెసేజ్ వస్తుంది, రోజుకొచ్చే యాభై మెసేజ్‌ల కింద పూడిపోతుంది.

ఇలా చేరడం తేలిక, బయటపడటం కష్టం అన్నట్టు కట్టే వలలను కేంద్రం 2023 నవంబరులో డార్క్ ప్యాటర్న్స్ పేరుతో నిషేధించింది. మొత్తం 13 రకాలు. చందా ఉచ్చు వాటిలో ఒకటి. అడగకుండా బుట్టలో వస్తువు కలపడం, "ఇంకా రెండే ఉన్నాయి" అని తొందరపెట్టడం, వద్దంటే సిగ్గుపడేలా రాయడం, వద్దన్నా పదేపదే అడగడం కూడా అందులో ఉన్నాయి. ఫిర్యాదు రాసేటప్పుడు ఈ మాట వాడండి, బరువుంటుంది.

యూపీఐలో డబ్బు రావడానికి పిన్ను కొట్టక్కర్లేదు, ఇది ఇంట్లో అందరికీ చెప్పండి. ధాన్యం పైసలు, బత్తాయి తోట అమ్మిన పైసలు పడే ఖాతాకు యూపీఐ కలపకండి. చిల్లర ఖర్చులకు ఇంకో ఖాతా పెట్టుకుని అందులో మూడు నాలుగు వేలే ఉంచండి. నా అనుభవంలో ఇంతకు మించిన తాళం లేదు.

డబ్బు పోయిందా, ఎవరినీ సలహా అడగకుండా ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. దొంగ ఖాతాలోంచి ఇంకో ఖాతాకు మారేలోపు పట్టుకుంటేనే దక్కుతుంది, గంట గంటకూ ఆశ తగ్గుతుంది. ఆ వెంటనే బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పండి. 2017 జూలై నాటి ఆర్బీఐ ఉత్తర్వు ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కాక మధ్యలో ఇంకెక్కడో జరిగి ఉంటే, మూడు పనిదినాల్లోపు చెబితే నష్టం మీది కాదు. ఓటీపీ మీరే చెప్పి ఉంటే మీరు ఫిర్యాదు చేసేదాకా పోయింది మీ నెత్తినే, ఆ తర్వాత పోయేది బ్యాంకు నెత్తిన. అందుకే ఫిర్యాదు చేసిన గంటా నిమిషం కాగితం మీద ఉండాలి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్బీఐ అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు.

నాలుగో అడుగు: ఆ జీమెయిల్ ఎవరిది?

"మీ జీమెయిల్ ఏంది?" అని అడిగితే నాకు ఎక్కువగా వినిపించే జవాబు: "ఫోన్ కొన్నప్పుడు షాపాయన పెట్టిండు." పాస్‌వర్డ్ ఏమిటో తెలియదు. రికవరీ నంబరు కొన్నిసార్లు షాపు కుర్రాడిదే ఉంటుంది. ఆలోచించండి. మీ ఫోటోలు, కాంటాక్టులు, లొకేషన్, యాప్‌లు అన్నీ వేలాడుతున్న మేకు ఆ ఖాతా. ఆ మేకు ఎవడో తెలియనివాడి గోడకు కొట్టి ఉంది.

సెట్టింగ్స్‌లో గూగుల్ నొక్కి, "మేనేజ్ యువర్ గూగుల్ అకౌంట్"లోకి పోండి. పర్సనల్ ఇన్ఫోలో ఫోన్ నంబరు మీదేనా చూడండి. సెక్యూరిటీలో పాస్‌వర్డ్ మార్చి, రికవరీ నంబరు మీ ఇంట్లోవాళ్లది పెట్టండి. అక్కడే "యువర్ డివైసెస్" ఉంటుంది. ఒకసారి కనగల్ నుంచి వచ్చినాయన ఫోన్లో చూస్తే, మూడేళ్ల కింద అమ్మేసిన ఫోన్ ఇంకా లోపలే ఉంది. తెలియనివన్నీ సైన్ ఔట్ చేయండి. టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే పాస్‌వర్డ్ తర్వాత ఇంకో తాళం అడిగేది, ఆన్ చేసి, బ్యాకప్ కోడ్‌లు నోటుబుక్కులో రాసుకోండి. ఆ కోడ్‌లు లేకుండా సిమ్ పోగొట్టుకుంటే మీ తాళం మీకే అడ్డం తిరుగుతుంది.

ఇక గూగుల్ దాచే చిట్టా. "డేటా అండ్ ప్రైవసీ"లో వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ, టైమ్‌లైన్, యూట్యూబ్ హిస్టరీ అని మూడుంటాయి. టైమ్‌లైన్ అంటే మీరు తిరిగిన చోట్ల పటం. అక్కర్లేదనుకుంటే ఆపేయండి. మిగతా రెండూ పూర్తిగా ఆపితే కొన్ని సౌకర్యాలు పోతాయి. అందుకని "ఆటో డిలీట్" నొక్కి మూడు నెలలు పెట్టండి, నేను అట్లాగే పెట్టుకున్నాను. చివరగా సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో యాడ్స్, అందులో "డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడీ". అది పోయాక యాడ్లు ఆగవు. మీరెవరో పోల్చుకుని వెంటబడటం తగ్గుతుంది.

ఐదో అడుగు: యాప్‌లకు ఇచ్చిన తాళంచెవులు

నకిరేకల్ దగ్గరి రైతు ఒకాయన అడిగాడు: "నేను మా బామ్మర్దితోటి మోటర్ స్టార్టర్ గురించి మాట్లాడిన. ఫోన్ జేబుల్నే ఉన్నది. సాయంత్రానికి స్టార్టర్ యాడ్ వచ్చింది. ఫోన్ వింటున్నదా లేదా?"

వినడం లేదనే కంపెనీలు చెబుతాయి. నేను ఆయన ఫోన్ తిప్పి చూశాను. పొద్దున యూట్యూబ్‌లో స్టార్టర్ రిపేర్ వీడియో చూశాడు. ఇంట్లో ఒకే వైఫై మీద కొడుకు దాని ధర వెతికాడు. మధ్యాహ్నం లొకేషన్ ఆన్‌లో ఉండగా ఎలక్ట్రికల్ షాపులో అరగంట నిలబడ్డాడు. ఇన్ని తెలిశాక చెవి పెట్టి వినాల్సిన పనేముంది? అయినా అనుమానం తీరాలంటే మైక్ పర్మిషన్ తీసేసి చూడండి. ఆండ్రాయిడ్ 12 నుంచి మైక్ గానీ కెమెరా గానీ వాడుతుంటే పైన మూలన పచ్చ చుక్క వెలుగుతుంది. మీరేమీ మాట్లాడకుండా ఆ చుక్క వెలిగితే దాని మీద నొక్కండి, ఏ యాపో పేరు చెబుతుంది.

సెట్టింగ్స్‌లో "పర్మిషన్ మేనేజర్" తెరవండి. ఒక్కో పర్మిషన్ లోపలికి పోయి అడగాల్సింది ఒకటే ప్రశ్న: దీని పనికి ఇది కావాలా? టార్చిలైట్ యాప్‌కు కాంటాక్టులు దేనికి? క్యాలెండర్ యాప్‌కు మైక్ దేనికి? లొకేషన్ మ్యాపులకూ ఆటో, బస్సు యాప్‌లకూ చాలు, అదీ "వాడుతున్నప్పుడు మాత్రమే" అని పెట్టి. వాతావరణం యాప్‌కు "ప్రిసైజ్ లొకేషన్" ఆపేయండి. వాన మీ ఊరికి వస్తుందా అన్నది తెలిస్తే చాలు, మీ ఇంటి గుమ్మం దానికి అక్కర్లేదు.

మూడింటి దగ్గర మాత్రం ఎవరి మాటా వినకండి. మొదటిది ఎస్సెమ్మెస్, ఓటీపీలన్నీ అందులోనే ఉంటాయి. రెండోది యాక్సెసిబిలిటీ, చూపు లేనివాళ్ల కోసం పెట్టిన ఈ సౌకర్యం దొంగ యాప్ చేతిలో పడితే అది మీ తెర చూస్తుంది, మీ బదులు నొక్కుతుంది. మూడోది "ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్". వాట్సాప్‌లో చలాన్ పేరుతో, పెళ్లి పత్రిక పేరుతో, రైతుల పథకం పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్లు, అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా యాప్‌ను ఎక్కించే ఫైళ్లు, లోపలికి వచ్చే దర్వాజా ఇదే. ఈ జాబితాలో వాట్సాప్, క్రోమ్, ఫైల్స్ అన్నింటికీ "అనుమతి లేదు" అని ఉండాలి. ప్రభుత్వం చలానా ఏపీకే ఫైలుగా పంపదు. పెళ్లి పత్రిక ఫోటోనో వీడియోనో అయి ఉంటుంది, యాప్ అయి ఉండదు.

లోన్ యాప్‌ల గురించి ఒక ముక్క. 2022 సెప్టెంబరు నుంచి ఆర్బీఐ నియమాల ప్రకారం అప్పిచ్చే యాప్ మీ కాంటాక్టులు, కాల్ జాబితా, ఫోటోలు ముట్టుకోకూడదు. కేవైసీ కోసం ఒక్కసారి కెమెరా, మైక్, లొకేషన్ మీ అనుమతితో అడగొచ్చు, అంతే. కాంటాక్టులు అడిగిందంటే అది ఏ తరహాదో అక్కడికే తెలిసిపోయింది. మీ అన్నకు, మీ స్కూలు మాస్టారుకు ఫోన్ చేసి మీ పరువు తీయడానికే ఆ జాబితా. బెదిరింపులు మొదలయ్యాక ఇంకో యాప్‌లో అప్పు తీసి ఇది కట్టకండి. స్క్రీన్‌షాట్లు తీసి 1930కి చెప్పండి.

ఆరో అడుగు: పుట్టుకతో వచ్చినవి, వాట్సాప్, స్పామ్ కాల్స్

వీటిని త్వరగా ముగిద్దాం.

కొత్త ఫోన్లో ముందే ఉండే గేములు, షాపింగ్ యాప్‌లు కొన్నింటిని తీసేయొచ్చు. తీయలేనివాటికి "డిసేబుల్" ఉంటుంది. లాక్ స్క్రీన్ మీద వార్తలు, సినిమా బొమ్మలు తిరుగుతుంటే వాల్‌పేపర్ సెట్టింగ్స్‌లో వెతకండి, దాచిపెట్టి ఉంటుంది. కొన్ని ఫోన్లు నెల తర్వాత అప్‌డేట్ వంకతో మళ్లీ తెచ్చిపెడతాయి. నాకు అన్నింటికన్నా ఒళ్లు మండేది ఇదే. ఈ విషయంలో ప్రభుత్వానికీ మినహాయింపు లేదు. 2025 నవంబరు ఆఖరున ప్రతి కొత్త ఫోన్లో సంచార్ సాథీ యాప్ ముందే వేసి ఉండాలని టెలికాం శాఖ కంపెనీలకు చెప్పింది. జనం గోల చేశారు, డిసెంబరు మొదటి వారంలోనే వెనక్కి తీసుకుంది. పైన నేనే మెచ్చుకున్న సంచార్ సాథీ అది. పని మంచిదైనా, నన్నడగకుండా నా ఇంట్లో పెడతానంటే నేనూ ఒప్పుకోను.

వాట్సాప్‌లో నాలుగు పనులు. లింక్డ్ డివైసెస్ చూసి తెలియని కంప్యూటర్లు తీసేయండి, జిరాక్స్ షాపులో వాట్సాప్ వెబ్ తెరిచి మరిచిపోయినవాళ్లు ముఖ్యంగా. టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టండి. గ్రూపుల్లో చేర్చే అనుమతి "మై కాంటాక్ట్స్"కు కుదించండి. బ్యాకప్‌కు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఆన్ చేయండి, లేకపోతే మాటలకు తాళమున్నా డ్రైవ్‌లో ఉన్న కాపీకి ఉండదు. 2021లో వాట్సాప్ తన కొత్త షరతులకు ఒప్పుకోమని వెంటపడటం గుర్తుండే ఉంటుంది. ఆ పద్ధతి మీదే కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో దాని యజమాని మెటాకు 213 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది.

స్పామ్ కాల్స్ ఆపాలంటే స్టార్ట్ 0 అని ఇంగ్లిషు అక్షరాల్లో టైప్ చేసి 1909కి మెసేజ్ పంపండి. అమ్మకాల కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచి రావాలి, బ్యాంకుల సర్వీసు కాల్స్‌కు 1600 వరస ఇచ్చారు. మామూలు పది అంకెల నంబరు నుంచి "బ్యాంకు మేనేజర్" మాట్లాడితే ఎవరో ఊహించుకోండి. బట్టల షాపులో బిల్లుకు నంబరు అడిగితే "లేదు" అనొచ్చు. నంబరివ్వకపోతే సరుకివ్వం అనడం అనుచిత వ్యాపార పద్ధతి అని కేంద్ర వినియోగదారుల శాఖ 2023లోనే చెప్పింది.

ఏడో అడుగు: తిట్టడం కాదు, రాయడం

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి అరగంట పాట విని, ఇంకో అరగంట అరిచి, ఫోన్ పెట్టేస్తాం. చేతికేమీ మిగలదు. మన తాతలు తహసీల్ ఆఫీసుకు అర్జీ ఇచ్చి రశీదు అడిగేవారు, ఇక్కడా అదే తెలివి కావాలి.

యాప్‌లోనో సైట్లోనో అడుగున "గ్రీవెన్స్ ఆఫీసర్" అని ఉంటుంది. 2021 ఐటీ నియమాల ప్రకారం సోషల్ మీడియా లాంటి కంపెనీలు ఆ అధికారి పేరు, మెయిల్ చూపాలి. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి. ఆయన జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోగా ప్రభుత్వం పెట్టిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్లో పోవచ్చు, ఫీజు లేదు. ఫిర్యాదు ఇలా రాయండి:

"నేను ఫలానా తేదీన మీ యాప్ తీసేశాను. ఆ తర్వాత ఫలానా, ఫలానా తేదీల్లో నా ఖాతా నుంచి ఇంత మొత్తం తీసుకున్నారు. లావాదేవీ నంబర్లు ఇవి, స్క్రీన్‌షాట్లు జతచేశాను. ఇది 2023 డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లోని చందా ఉచ్చు. ఆటోపే రద్దు చేసి, ఈ మొత్తం తిరిగి ఇవ్వండి. నా వివరాలు మీ దగ్గర ఏమేమి ఉన్నాయో తెలిపి, తొలగించండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను."

కోపం, తిట్లు, "మీరు మోసగాళ్లు" అన్న మాటలు తీసేయండి. తేదీ, మొత్తం, కోరిక ఉండాలి. ఆ సీరియల్ అక్క నూట నలభై తొమ్మిదికి నేను రాసింది ఇంచుమించు ఇదే. మొదటిసారి జవాబు రాలేదు, రెండోసారి పంపాక ఐదు నెలలవి వెనక్కి వచ్చాయి, రెండు నెలలవి రాలేదు.

అక్కడ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులోనూ మాట్లాడతారు. దాని తర్వాత కమిషన్. కంపెనీ ఆఫీసు బెంగళూరులోనో గురుగ్రామ్‌లోనో ఉన్నా మీరు అక్కడికి పోనక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే, నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో, వేయొచ్చు. "ఈ-జాగృతి" అనే సైట్లో ఇంటి నుంచే పెట్టొచ్చు. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్లలోపు వేయాలి. ఒక చిక్కుంది, డబ్బు కట్టి ఉండాలి. ఊరికే వాడుకున్న యాప్ మీద వినియోగదారుడినని నిలబడటం కష్టం.

మరి ఊరికే వాడే యాప్ మన వివరాలు అమ్ముకుంటే? గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిలతో 2017 ఆగస్టు 24న చెప్పింది. దానికి తగిన డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, కంపెనీల మీద అసలు బాధ్యతలు పడటానికి ఇంకో పద్దెనిమిది నెలలు గడువిచ్చారు. జరిమానా 250 కోట్ల దాకా ఉంది. అది ఖజానాకు పోతుంది, మీ చేతికి రాదు. కాబట్టి ప్రస్తుతానికి చట్టం మీద భారం వేసి పర్మిషన్లు తెరిచి పెట్టుకోవద్దు.

ఆఖరి అడుగు: పాత ఫోన్

పాత సెల్‌ఫోన్లు తీసుకుని స్టీలు గిన్నెలో ప్లాస్టిక్ డబ్బాలో ఇచ్చేవాళ్లు మైకులో అరుస్తూ మన గల్లీల్లోకి వస్తారు. డిస్‌ప్లే పోయిందంటే ఫోన్ చచ్చిందనుకుంటాం. అద్దం పగిలింది గానీ లోపలి మెమరీకి ఏమీ కాలేదు. స్క్రీన్ లాక్ పెట్టి ఉండకపోతే, వెయ్యి రూపాయల డిస్‌ప్లే వేస్తే నాలాంటివాడికి ఫోటోలన్నీ కనిపిస్తాయి.

పనిచేసే ఫోన్ అయితే ఈ వరసలో చేయండి. యూపీఐ యాప్‌ల నుంచి ఖాతా తీసేయండి. వాట్సాప్ కొత్త ఫోన్లోకి మార్చండి. సిమ్, మెమరీ కార్డు తీయండి. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ నుంచి జీమెయిల్ తీసేశాకే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి. జీమెయిల్ తీయకుండా చేస్తే, కొన్నవాడు ఆన్ చేసిన వెంటనే మీ పాత పాస్‌వర్డ్ అడగొచ్చు, అప్పుడు వాడు మళ్లీ మీ ఇంటికే వస్తాడు. తెర వెలగని ఫోన్ అయితే ఇంకో ఫోన్లో మీ గూగుల్ ఖాతా తెరిచి, యువర్ డివైసెస్‌లో దాన్ని సైన్ ఔట్ చేయండి. లోపలిది ముఖ్యమనుకుంటే గిన్నె ఆశ వదులుకోండి.

మా అమ్మ పాత ఫోన్ బియ్యం డబ్బా వెనక ఉంది. గిన్నెల బండి గల్లీలోకి వచ్చినప్పుడల్లా షాపుకు ఫోన్ చేస్తుంది: "ఇయ్యాల్నారా?" నేను ఆగమంటాను. ఇన్ని అడుగులు రాసినవాణ్ని, దాని జీమెయిల్ పాస్‌వర్డ్ ఏం పెట్టానో నాకింకా గుర్తురావడం లేదు.